ఇక్కడిదాకా వచ్చాను

వూచ్ నగరం. తొంభై ఎనిమిది, నవంబరు.
మూతబడ్డ నూలుమిల్లులో మ్యూజియం
శనివారం తెరవాలి. ఇవాళ బుధవారం.
తెర మీద మగ్గం బొమ్మ. వేలితో తాకితే
ఒక నేతకత్తె గొంతు పలకాలి.
పలకదు.

నా స్టూడియోలో పలికింది, ఒట్టు.
వల్లెవేసిన పాఠంలా గడగడా పలికింది.
ఇక్కడి మెషీన్లో డిస్కు పెట్టగానే
కొత్త బడిలో పిల్లలా నోరు బిగించింది.

ఈ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లకు నాటకాల పిచ్చి.
తెరని రంగస్థలం అంటారు,
బొమ్మల్నీ శబ్దాల్నీ కలిపి నటవర్గం అంటారు.
తెరచాటు నుంచి అందించేవాణ్ణి మాత్రం పెట్టలేదు.
నలభై ఒకటో ఫ్రేము దగ్గర ఎర్ర గీత
గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతోంది.

స్క్రిప్టులో తప్పు, అంటుంది యంత్రం.
ఏ తప్పో చెప్పదు.
అందుకని పాత చిట్కా:
ప్రతి ఆజ్ఞ తర్వాతా ఓ చిన్న పెట్టె తెరుచుకునేలా రాశాను.
అందులో ఒకటే మాట, ఇక్కడిదాకా వచ్చాను.
కింద, సరే అనే మీట.
ఒకటి, సరే. రెండు, సరే.
ఏడు దాకా వచ్చింది.
ఎనిమిది రాలేదు.

ఏడుకీ ఎనిమిదికీ నడుమ ఉన్నది ఒక్క వరస:
శబ్దాన్ని పిలువు.
అక్షరం అక్షరం వేలుపెట్టి చదివాను.
కామా తీశాను, పెట్టాను.
స్పీకరు వైరు ఊపాను.
ఆపి మళ్లీ ఆన్ చేశాను,
దేవుణ్ణి నమ్మనివాళ్లు చేసే ప్రార్థన అదొక్కటే.

గురువారం గెనోవెఫా స్కావా వచ్చింది. ఆ గొంతు ఆమెదే.
ఎనభై రెండేళ్లు. ముప్పై నాలుగేళ్లు
ఆరో నంబరు హాల్లో మగ్గాల మధ్య నిలబడి
చెవులు అక్కడే వదిలేసింది.
పెదాలు చూసి మాట పట్టుకుంటుంది.

"పలకట్లేదు" అన్నాను, నోరు బాగా తెరిచి.
"నాకేం తేడా" అంది.
"చిల్లి కనబడ్డచోటే దారం తెగిందనుకోకు.
ఇంకా పైన చూడు."
కళ్లజోడు పెట్టుకుని తానే చూసింది.
"ఇది నా పేరు కాదు."

పేరు నడుమ ఒక నల్ల చదరం.
మూడ్రోజులుగా చూస్తూనే ఉన్నాను.
ఫాంటు సంగతిలే, శుక్రవారం చూద్దాం అనుకున్నాను.

మా భాషలో ఒక అక్షరముంది.
నిటారు గీత, దాని నడుం మీద ఏటవాలుగా చిన్న గీటు.
గీటు లేకపోతే ల, ఉంటే వ.
మా ఊరు మొదలయ్యేదే దానితో.
నది కనిపించని ఊరికి పడవ అని పేరు,
ఆ పడవకి తెడ్డు ఆ గీటే.
నా మెషీనుకి అది తెలుసు, ఈ మెషీనుకి తెలీదు.
శబ్దం ఫైలుకి నేను పెట్టింది ఆమె పేరే.
పాపం యంత్రం పిలుస్తూనే ఉంది,
లేని మనిషిని.

పేరు తీసేసి అంకె పెట్టాలి.
"మీ మిల్లు టోకెన్ నంబరెంత?"
"రెండు వేల రెండొందల పదిహేడు" అంది, తడుముకోకుండా.
"ఇక్కడ మేం ఎప్పుడూ అంకెకే పలికేవాళ్లం."

తాకాను. పలికింది.
ఆమె నా మొహం చూసి, అరచేయి స్పీకరు మీద ఆనించింది.
చాలాసేపు ఉంచింది.
"మగ్గమంత లేదు" అంది.

శనివారం మేయరు రిబ్బను కత్తిరించాడు. పూలు, ఫొటోలు.
గెనోవెఫా మగ్గం బొమ్మని తాకింది.
గొంతు మొదలై, ముగిసి,
హాలంతా నిశ్శబ్దమయ్యాక
తెర మీద ఒక చిన్న పెట్టె తెరుచుకుంది.
నేను తీసేయడం మరిచిపోయిన ఎనిమిదోది.

ఇక్కడిదాకా వచ్చాను.

నేను పరుగెత్తేలోపే
ఆమె కళ్లజోడు సర్దుకుని, రెండుసార్లు చదివి,
సరే నొక్కింది.